కర్రకు వంపు నేర్పిన మైకేల్ థోనెట్

పెడన పేరు వినగానే కలంకారీ అద్దకం జ్ఞప్తికి వస్తుంది. అద్దకం వెనుక అచ్చు ఉన్నది. అచ్చు వెనుక టేకు దిమ్మెను చెక్కే పనివాని చేయి ఉన్నది. లత, పువ్వు, మామిడిపిందె, నెమలి మెడ - ఆ అచ్చులలో తిన్నని గీత బహు అరుదు. అయితే అచ్చుమీది వంపు బరువు మోయవలసిన పని లేదు. వెనుక దిమ్మె బలంగా ఉన్నంత కాలం ముందు లత ఎంత మెలిక తిరిగినా ఫరవాలేదు. ఆ వంపే కుర్చీ వీపుకో, కాలికో కావలసివచ్చినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది.

కర్రలో నారలు చెట్టు నిలువునా సాగి ఉంటవి. కర్ర బలమంతా ఆ నారల పొడవులోనే ఉన్నది. తిన్నని పలకమీద వంపు గీసి రంపంతో కోస్తే, వంపు మలుపు తిరిగిన చోట నార తెగిపోతుంది. అక్కడ పొట్టి నార మిగులుతుంది. దానిమీద బరువు పడితే పుటుక్కున విరుగుతుంది. ఈ రహస్యం మన పల్లె వడ్రంగికి తెలియనిది కాదు. అందుచేతనే ఆయన నాగలికి సహజంగా వంగి పెరిగిన తుమ్మకొమ్మను వెదికి తెచ్చేవాడు. పడవకట్టేవారు పక్కటెముకలకు వంకర దుంగలనే ఏరుకునేవారు. బండిచక్రపు చుట్టును ఒకే కర్రతో చేయక, చిన్న చిన్న ముక్కలుగా కోసి కూర్చేవారు. ప్రకృతి వంచి ఇచ్చినంతే మనిషికి దక్కిన వంపు. తిన్నని కర్రను తాను కోరినట్లు వంచి, వంగినదానిని వంగినట్లే నిలుపుట ఎట్లా అన్న ప్రశ్నకు తన జీవితంలో నలభై ఏండ్లు ధారపోసిన వడ్రంగి ఒకడు ఐరోపాలో ఉండేవాడు. ఆయన పేరు మైకేల్ థోనెట్.

రైన్ నది ఒడ్డున బోపార్డ్ అనే చిన్న పట్టణంలో 1796 జూలై 2న ఆయన జన్మించినాడు. ఆనాడు ఆ ప్రాంతం ఫ్రెంచి సేనల అధీనంలో ఉన్నది. నెపోలియన్ పతనానంతరం 1815లో ప్రష్యా రాజ్యంలో చేరినది. తండ్రి ఫ్రాంజ్ ఆంటన్ తోళ్లు పదునుపెట్టే వృత్తివాడు. కొడుకు ఆ వృత్తిని వదలి వడ్రంగం నేర్చి, 1819లో, ఇరువది మూడవ ఏట, స్వంత పనిశాల పెట్టుకొన్నాడు. మరుసటి ఏడు వివాహమైనది. కలిగిన సంతానంలో పలువురు పసితనాననే పోయినారు. బ్రతికినవారిలో అయిదుగురు కొడుకులు - ఫ్రాంజ్, మైకేల్, ఆగస్ట్, జోసఫ్, యాకోబ్ - తరువాతి కాలంలో తండ్రికి కుడిభుజాలైనారు. తోలు వృత్తిని వదలినా తోలు మాత్రం ఆయనను వదలలేదు. ఎట్లనగా, ఆనాటి వడ్రంగి వాడే జిగురు పశువుల తోళ్లను, ఎముకలను మరిగించి తీసినదే. మన పాత వడ్రంగులు వజ్రమనే పేరుతో ఎరిగినది ఆ జిగురునే. థోనెట్ కీర్తికి, అప్పులకు కూడ మూలం ఈ జిగురే కావడం చిత్రం.

ఆ రోజులలో సంపన్నుల ఇండ్లలో వంపుల కుర్చీలే వాడుక. వాటిని చేయవలెనంటే లావు దిమ్మెలోనుంచి వంపును తొలిచి తీయవలె. దిమ్మెలో సగానికి సగం రంపపు పొట్టుగా పోయేది. మలుపుల వద్ద కీళ్లు పెట్టి అతకవలసి వచ్చేది. పని ఎక్కువ, కలప వృథా, ఫలం బలహీనం. సుమారు 1830లో థోనెట్ వేరొక దారి పట్టినాడు. కర్రను నార పొడవునా పలుచని బద్దలుగా చీల్చినాడు. ఆ బద్దలను కట్టగా కట్టి వేడి జిగురులో ఉడికించినాడు. మెత్తబడిన కట్టను వంపు అచ్చులో పెట్టి బిగించి ఆరనిచ్చినాడు. ఆరిన పిమ్మట అచ్చు తీసివేస్తే వంపు అట్లే నిలిచినది. నార ఎక్కడా తెగలేదు. వంపు వెంట తానూ వంగినది.

ఇందులోని గణితం విద్యార్థులు గమనింపదగినది. ఒక బద్ద వంగకుండ ఎదిరించే బలం దాని మందం యొక్క ఘనాన్ని బట్టి ఉంటుంది. మందం సగమైతే ఎదిరింపు ఎనిమిదవ వంతు అవుతుంది. ఇరువది మిల్లీమీటర్ల కర్రకు బదులు రెండేసి మిల్లీమీటర్ల బద్దలు పది తీసుకొన్నామనుకొందాము. ఒక్కొక్క బద్ద ఎదిరింపు మొత్తం కర్రలో వెయ్యవ వంతు; పదీ కలిసి నూరవ వంతు. ఒకదానిమీద ఒకటి జారుతున్నంత సేపు కట్ట సునాయాసంగా వంగుతుంది. వంచి, జిగురు ఆరిన మరుక్షణం పదీ ఏకమై తిరిగి నూరు రెట్లు బిగుస్తవి. అనగా వంచేటప్పుడు అనేకం, నిలిచేటప్పుడు ఏకం. అయితే ఈ ఏకత్వమంతా జిగురుమీద ఆధారపడి ఉన్నదన్న మాటను మరువరాదు.

1836 నాటికి ఈ విధానంతో చేసిన కుర్చీలు బోపార్డ్ పనిశాలలో తయారయినవి. మరుసటి ఏడు థోనెట్ ఆ పట్టణంలోని మిషెల్స్‌మ్యూలె అనే జిగురు మరను కొన్నాడు. వడ్రంగి జిగురు మరను కొనుట విడ్డూరంగా తోచవచ్చును గాని, తన విద్యకు ప్రాణం ఎక్కడ ఉన్నదో ఆయనకు బాగా తెలుసుననుటకు ఇదే తార్కాణం.

తెలివి ఉన్నచోటనే తాళం ఉండవలెనని ఆయన తలచినాడు. తన విధానానికి ప్రష్యా ప్రభుత్వం నుండి ప్రత్యేకాధికారం కోరినాడు, అది లభించలేదు. ఇతర దేశాలలో పేటెంట్ల కోసం అప్పు చేసి ధనం గుమ్మరించినాడు. పేటెంట్ కాగితాలు కుర్చీలు అమ్మినంత త్వరగా డబ్బు తేవు. ఇంతలో 1841లో కోబ్లెంట్జ్ నగరంలో జరిగిన ప్రదర్శనలో ఆయన పెట్టిన సామగ్రి ఆస్ట్రియా ఛాన్సలర్ మెటర్నిక్ దృష్టిలో పడినది. మెటర్నిక్ జన్మస్థలం ఆ కోబ్లెంట్జే. ఐరోపా రాజకీయాలను తన వేలిమీద ఆడించిన ఆ మంత్రి ఈ వడ్రంగిని వియన్నాకు రమ్మని పిలిచినాడు. 1842లో థోనెట్ బయలుదేరినాడు. ఆ ఏడు జూలై 16న ఆస్ట్రియా దర్బారు, ఎంత పెళుసు కర్రనైనను రసాయనిక యాంత్రిక పద్ధతులతో కోరిన వంపుకు తెచ్చే హక్కును ఆయనకు ప్రసాదించినది. హక్కు వచ్చినది గాని ఇల్లు నిలువలేదు. అప్పుల కారణంగా బోపార్డ్‌లోని పనిశాల, ఆస్తి చేజారిపోయినవి. నలభై ఆరేండ్ల వయస్సులో, చేతిలో చిల్లిగవ్వ లేక, భార్యాబిడ్డలతో పరదేశంలో మళ్లీ మొదటినుంచి ప్రారంభించవలసి వచ్చినది.

వియన్నాలో మొదటి ఏండ్లు కూలి బ్రతుకే. కార్ల్ లైస్ట్లర్ అనే పెద్ద సామగ్రి వ్యాపారి వద్ద కొడుకులతో సహా పనిచేసినాడు. లీక్టెన్‌స్టైన్ రాజవంశపు భవనాన్ని ఆ రోజులలో పునరలంకరిస్తున్నారు. ఆ భవనపు చెక్కనేలలు, తేలికైన వంపు కుర్చీలు థోనెట్ కుటుంబం చేతులమీదుగా తయారయినవి. ఆ కుర్చీలను చూచినవారు అవి మనిషి కూర్చుంటే ఆగునా అని సందేహించేటంత సన్నగా ఉంటవి. 1849లో ఆయన తిరిగి స్వంత పనిశాల తెరచినాడు. సుమారు ఆ కాలంలోనే వియన్నాలోని డౌమ్ కాఫీ హోటలుకు కుర్చీలు చేసి ఇచ్చినాడు. పెస్ట్ నగరపు హోటలొకటి నాలుగువందల కుర్చీలు కోరినది. రాజభవనంలో కుర్చీ అలంకారం. కాఫీ హోటలులో అది పనిముట్టు. రోజుకు వందమంది కూర్చొని లేస్తారు, జరుపుతారు, ఎత్తి పడవేస్తారు. థోనెట్ విద్యకు నిజమైన పరీక్ష భవనంలో కాక హోటలులో జరిగినదని నా అభిప్రాయం. 1851లో లండన్ మహాప్రదర్శనలో ఆయన సామగ్రికి కంచు పతకం వచ్చినది. 1853లో వ్యాపారాన్ని కొడుకుల పేరిట మార్చి, థోనెట్ సోదరుల సంస్థగా నడిపించినాడు. పెత్తనం మాత్రం తనదే.

ఇక్కడ జిగురు అడ్డు తిరిగినది. ఐరోపాలో గెలిచిన కుర్చీలను సముద్రాలు దాటించి ఉష్ణదేశాలకు పంపవలెనని వారు సంకల్పించినారు. తోలుజిగురు వేడికి కరుగుతుంది, తేమకు ఉబ్బుతుంది. ఓడ అడుగున నెలల తరబడి ఉక్కలో ఉండి, గాలిలో నీరు నిండిన తీరాలు చేరేసరికి పొరలు విడిపోవుట మొదలుపెట్టేవి. కృష్ణా తీరవాసులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. వానకాలంలో తలుపు ఉబ్బి గడపకు పట్టుకొనుట, ఉప్పుజాడీలో ఉప్పు నీరుకారుట బందరు, పెడనలలో ప్రతి ఇంట చూచేదే. అట్టి గాలిలో జిగురుమీద నిలిచిన వంపు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఏ జిగురును నమ్మి మరను కొన్నాడో, ఏ పొరల విద్యకు ఉన్న ఇల్లు పోగొట్టుకొన్నాడో, దానినే విడిచిపెట్టవలసిన అవసరం అరువదవ ఏట వచ్చినది. ఇరువది ఐదేండ్ల శ్రమను పక్కకు నెట్టుట సామాన్యుల వల్ల కాదు. థోనెట్ నెట్టినాడు.

జిగురు లేకుండా నిండు కర్రను వంచవలె. కర్రను ఆవిరిలో పెడితే మెత్తబడుతుందని అందరికీ తెలుసు. పడవలవారు, పీపాలవారు ఎంతో కాలంగా చేస్తున్న పనే. కాని లావు కర్రను బాగా వంచేసరికి వెలుపలి వైపు చిట్లిపోతుంది. వంచినప్పుడు కర్ర వెలుపలి అంచు సాగుతుంది, లోపలి అంచు నొక్కుకొంటుంది. ఆవిరి పట్టిన బీచ్ కర్ర నొక్కుకొనుటకు బాగా ఓర్చుకొంటుంది; సాగుటకు మాత్రం నూటికి రెండు పాళ్లకు మించి ఓర్వదు. కనుక సాగనీయకుండ చేస్తే సరి. థోనెట్ కర్ర వెలుపలి ముఖానికి సన్నని ఇనుపరేకును ఆనించి, రెండు కొనలను గట్టిగా బిగించినాడు. రేకు సాగదు, కాబట్టి దానికి అంటుకొన్న కర్ర కూడ సాగలేదు. వంపంతా నొక్కుడు వైపునకే నడుస్తుంది. ఇంత చిన్న ఇనుపముక్క! దీనిని ఊహించుటకు జీవితకాలపు అనుభవం కావలసివచ్చినది. 1856 జూలైలో నిండు కర్రను వంచే విధానానికి ఆయనకు పదమూడేండ్ల ప్రత్యేకాధికారం దక్కినది.

ఆ సమయంలోనే మొరావియా దేశంలోని కొరిచాని గ్రామంలో, బీచ్ అడవుల నడుమ, కర్మాగారం కట్టినారు. యంత్రాలను చాలవరకు తండ్రీకొడుకులు తామే ఊహించి చేసుకొన్నారు. దుంగను చదరపు కడ్డీలుగా కోసి, తరిమెన పట్టి గుండ్రన చేసి, ఆవిరిపెట్టెలో ఉంచేవారు. బయటికి తీయగానే క్షణం ఆలస్యం చేయక పనివారు ఇనుపరేకు తొడిగి, ఇనుప అచ్చు చుట్టూ వంచి బిగించేవారు. అచ్చుతో సహా వేడిగదిలో ఆరబెట్టేవారు. పేము అల్లుట, మెరుగుపెట్టుట వంటి పనులలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఇక్కడ పనిచేసేవారిలో అత్యధికులు వడ్రంగులు కారు, పరిసర గ్రామాల రైతుకూలీలు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పని నేర్పితే చాలును. వడ్రంగి కనిపెట్టిన విద్య వడ్రంగి అవసరాన్నే తగ్గించినది. ఇది మేలా, కీడా అన్న వాదం మన చేనేతకు, అద్దకానికి కూడ తప్పనిదే. మరొక సంగతి కూడ దాచరాదు. చుట్టుపక్కల అడవి తరిగే కొలది కర్మాగారాలు కొత్త అడవులను వెదుక్కొంటూ సాగినవి. బిస్ట్రిసెలో, హంగరీ భూములలో ఒకదాని వెంట ఒకటి వెలిసినవి.

1859లో వెలువడిన పదునాలుగవ నంబరు కుర్చీ ఈ విద్య పండించిన పంట. దానిలో ఉన్నవి ఆరే కర్రముక్కలు, పది మరమేకులు, రెండు నట్లు. వెనుక కాళ్లు రెండూ, వీపు పైవంపూ కలిసి ఒకే కడ్డీ. దాని లోపల మరొక చిన్న వంపు. కూర్చొనుటకు గుండ్రని చట్రం, అందులో పేము అల్లిక. ముందు కాళ్లు రెండు. కాళ్లను కలిపే వలయం ఒకటి. విప్పి కట్టితే ముప్పైయారు కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో ఇమిడేవి. చేరిన చోట మరలు తిప్పితే కుర్చీ సిద్ధం. జిగురుకు భయపడిన తీరాలకు ఇప్పుడు నిర్భయంగా ప్రయాణం సాగినది. 1867 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం లభించినది. 1930 నాటికి ఈ ఒక్క నమూనా కుర్చీలు అయిదుకోట్లు తయారయినవని లెక్క.

1869లో ప్రత్యేకాధికారపు గడువు తీరినది. వెంటనే ఇతరులు అదే పనిలో దిగినారు. వారిలో కోన్ సంస్థ ప్రధానమైనది. మధ్య ఐరోపానుండి ఈ జాతి కుర్చీలు లోకమంతటా వ్యాపించినవి. బొంబాయి, హైదరాబాదుల ఇరానీ హోటళ్లలో పాలరాతి బల్లల చుట్టూ దశాబ్దాల పాటు కనిపించిన గుండ్రని వంపు కుర్చీలు ఈ వంశంలోనివే. చాయ్ తాగుతూ ఆ వీపునకు ఆనుకొన్న లక్షలాది జనులలో థోనెట్ పేరు విన్నవారు ఎందరో చెప్పలేము. 1871 మార్చి 3న వియన్నాలో ఆయన మరణించినాడు. అప్పటికి ఐరోపా నగరాలలోనే కాక అమెరికాలోను ఆ సంస్థకు అమ్మకపు శాలలు ఉన్నవి.

ఆయన విడిచిపెట్టిన పొరల విద్య మాత్రం చచ్చిపోలేదు; మంచి జిగురు కోసం కాచుకొని ఉన్నది. ఇరువదవ శతాబ్దంలో రసాయన శాస్త్రం ఫినాల్ రెజిన్‌ను, యూరియా రెజిన్‌ను ప్రసాదించినది. ఫినాల్ జాతి జిగురు ఒకసారి గట్టిపడిన తరువాత మరిగే నీటికి కూడ లొంగదు. ఫిన్లండుకు చెందిన ఆల్వార్ ఆల్టో 1930 తరువాత బర్చ్ కర్ర పొరలతో వంపు కుర్చీలు చేసి లోకాన్ని ఆశ్చర్యపరచినాడు. అమెరికాలో చార్లెస్ ఈమ్స్, ఆయన భార్య రే తమ ఇంటి గదిలోనే ఒక యంత్రం కట్టి, సైకిలు పంపుతో రబ్బరు తిత్తిని ఉబ్బించి పొరలను అచ్చుకు అదిమినారు. ఆ అనుభవంతోనే 1942లో యుద్ధంలో కాళ్లు విరిగిన సైనికులకు ప్లైవుడ్ కట్లు చేసి ఇచ్చినారు. 1958లో ఈ దంపతులు భారతదేశానికి వచ్చి సమర్పించిన నివేదికే అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థకు పునాది.

ఈమ్స్ దంపతులు గాలిని నింపి నొక్కినారు. నేటి చిన్న పనిశాలలో గాలిని తీసివేసి నొక్కుతారు. దానినే వాక్యూం ప్రెస్ అంటారు. వినుటకు గొప్పగా ఉన్నా అందులో ఉన్నది గాలి చొరని ఒక సంచి, ఒక పంపు మాత్రమే. జిగురు పూసిన పొరలను వంపు అచ్చుమీద పరచి, అచ్చుతో సహా సంచిలో పెట్టి మూతి మూసి గాలిని తోడివేస్తారు. వెలుపలి వాతావరణం సంచిని అన్ని వైపులనుండి అదుముతుంది. సముద్రమట్టం వద్ద చదరపు మీటరుకు సుమారు పదివేల మూడువందల కిలోల బరువు. నలభై సెంటీమీటర్ల వెడల్పు, యాభై సెంటీమీటర్ల ఎత్తు గల కుర్చీ వీపుమీద లెక్క ప్రకారం రెండువేల కిలోలకు పైగా. పంపు గాలినంతా తీయలేదు కనుక పదిహేడువందల కిలోలు అనుకొన్నా తక్కువేమీ కాదు. 1657లో మాగ్డెబర్గ్ నగరంలో ఆటో ఫాన్ గెరిక్ రెండు రాగి అర్ధగోళాలను కలిపి, గాలి తోడివేసి, గుఱ్ఱాల చేత లాగించినా విడదీయలేకపోయిన బలం ఇదే. పాఠశాలలో ఆ ప్రయోగాన్ని బొమ్మలో చూపే ఉపాధ్యాయులు ఈ సంచిని కూడ చెప్పవచ్చును.

మరల బిగింపులో లేని సుగుణం ఈ గాలి బిగింపులో ఒకటి ఉన్నది. మరలు బిగించిన చోటనే నొక్కుతవి. నడుమ సందులలో జిగురు మందంగా నిలిచిపోతుంది. గాలి వంపు ఎట్లు తిరిగితే అట్లు, ప్రతి చోట తలానికి లంబంగా, సమానంగా నొక్కుతుంది. అందుచేత పై అచ్చు, కింద అచ్చు అని రెండు చేయనక్కరలేదు, ఒకటి చాలును. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న పెడన వంటి ఊరిలో గాలి బరువు నిండుగా దొరుకుతుంది. బెంగుళూరు వంటి ఎత్తైన నగరంలో సుమారు పదవ వంతు తక్కువ. తేమ మాత్రం ఇక్కడా జాగ్రత్త కోరుతుంది. పొరలు తడి పట్టి ఉంటే జిగురు సరిగా కరవదు. ముందుగా వాటిని ఆరబెట్టుకోవలె. రెజిన్ జిగురు గట్టిపడే వరకు, తరచుగా రాత్రంతా, పంపు నడుస్తూనే ఉండవలె. సంచి విప్పిన తరువాత వంపు ఒక పిసరు వెనక్కు తెరచుకొంటుంది. పొరలు పలుచనై ఎక్కువయ్యే కొలది ఈ తెరపిడి తగ్గుతుంది. ఎంత తెరచుకొనునో లెక్కవేసి అచ్చును అంత మేర ఎక్కువ వంపుతో చేసుకొంటారు.